వాపస్ తీసుకుపోగలిగితేనే మార్కెట్

పోయిన సీజన్‌లో పసుపు ధర మీద ఒక టీవీ చర్చ చూశాను. విశ్లేషకుడొకాయన "ధర ఎవరూ నిర్ణయించరండీ, మార్కెట్ నిర్ణయిస్తుంది" అన్నారు. ఎదురుగా కూర్చున్న రైతు నాయకుడు వెంటనే "ఆ మార్కెట్ అంటే నలుగురు వ్యాపారులే కదా సార్" అన్నాడు. చర్చ అక్కడి నుంచి అరుపుల్లోకి పోయింది. టీవీ కట్టేశాను గానీ ఆ రెండు మాటలూ నన్ను వదల్లేదు.

మొదటాయన లెక్కలో మార్కెట్ అంటే వాన లాంటిది. కురిస్తే కురుస్తుంది, లేకపోతే లేదు, అడగడానికి ఎవరూ ఉండరు. రెండో ఆయన లెక్కలో అది నలుగురు మనుషులు. వాళ్లను పట్టుకుని అడిగితే ధర పెరుగుతుంది. నేను డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్తాను, మా ఇంట్లో తరాలుగా పసుపు పండిస్తారు. ఈ రెండు వైపుల నుంచి చూసినా నాకు ఆ ఇద్దరి మాటా సరిపోలేదు. ఒక బేరాన్ని మార్కెట్ అని ఎప్పుడు పిలవాలో అర్థశాస్త్రం దగ్గర ఒక కొలత ఉంది. దాన్ని నిజాయితీగా వాడితే, మనం మార్కెట్ అని పిలుస్తున్న చాలా చోట్లు ఆ పేరుకు తగవు.

కూర్నో ఇచ్చిన కొలత

1838లో ఆంటోయిన్ అగస్టిన్ కూర్నో అనే ఫ్రెంచి గణితవేత్త ఒక మాట చెప్పాడు. అర్థశాస్త్రంలో మార్కెట్ అంటే సరుకు అమ్మే ఫలానా స్థలం కాదనీ, కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఒకరితో ఒకరు ఏ అడ్డూ లేకుండా వ్యవహరించగల మొత్తం ప్రాంతమనీ, అలాంటి ప్రాంతంలో ఒకే సరుకు ధర తేలిగ్గా, త్వరగా ఒకటే అవుతుందనీ దాని సారాంశం. 1890లో ఇంగ్లీషు ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ దాన్నే తన పుస్తకంలో ఉటంకించాడు. అప్పటి నుంచి చాలా పాఠ్యపుస్తకాల్లో ఉంది. మా పిల్లలు "మార్కెట్ అంటే ఒక ప్రదేశం కాదు" అని మొదటి వాక్యం గడగడా రాస్తారు. ఆ తర్వాత పుస్తకం సంపూర్ణ పోటీ, ఏకస్వామ్యం, పట్టికలు, గీతల్లోకి వెళ్లిపోతుంది. మొదటి వాక్యం వెనకున్న అసలు విషయం అక్కడే ఉండిపోతుంది.

నాకు ఈ నిర్వచనంలో నచ్చేది ఏంటంటే, దీన్ని పరీక్షించి చూడొచ్చు. ఇక్కడి ధర తీసుకోండి, అక్కడి ధర తీసుకోండి. తేడాలోంచి లారీ కిరాయి, హమాలీ, సెస్సు, దారిలో పోయే తరుగు తీసేయండి. మిగిలింది దాదాపు ఏమీ లేకపోతే ఆ రెండు ఊళ్లూ ఒకటే మార్కెట్. ఎంతో కొంత మిగిలి, అది ఏళ్ల తరబడి అలాగే ఉంటే మధ్యలో ఏదో అడ్డు ఉన్నట్టు. ఆ అడ్డు ఎవరిదో కూర్నో చెప్పడు. ఎక్కడ వెతకాలో మాత్రం చెప్తాడు.

దీనికి మన దేశంలో దొరికే మంచి ఉదాహరణ కేరళ చేపలది. 1997 నుంచి 2001 మధ్య కాసరగోడ్, కన్నూరు, కోళిక్కోడ్ తీరాల్లో ఒకదాని తర్వాత ఒకటిగా సెల్‌ఫోన్ సిగ్నల్ వచ్చింది. అంతకుముందు పడవలు ఎక్కువగా తమ ఊరి తీరంలోనే అమ్ముకునేవి. ఒక తీరంలో కొనేవాళ్లు లేక చేపలు పారబోస్తుంటే, పక్క తీరంలో చేపలు దొరక్క కొనేవాళ్లు ఖాళీగా వెళ్లిపోయేవాళ్లు. ఫోన్లు వచ్చాక సముద్రం మీద నుంచే ధర కనుక్కుని పడవ తిప్పుకోవడం మొదలైంది. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త ఆ మార్పును లెక్కగట్టి 2007లో ప్రచురించాడు. తీరానికీ తీరానికీ ధరల తేడా బాగా తగ్గింది, పారబోయడం ఇంచుమించు ఆగిపోయింది. జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. సముద్రం అదే, చేపలు అవే, మనుషులూ వాళ్లే. అంతకుముందు అక్కడ తీరానికొక బేరం ఉండేది, ఫోన్ల తర్వాత అదంతా కలిసి ఒక మార్కెట్ అయింది.

ఈ కథ విన్నవాళ్లు చాలామంది "సమాచారం అందితే చాలు, మార్కెట్ దానంతటదే బాగుపడుతుంది" అనుకుంటారు. నాకు అందులో ఇంకో విషయం కనిపిస్తుంది. ఆ జాలరి చేతిలో ఫోనుతో పాటు తిప్పుకోగల పడవ కూడా ఉంది. ధర తెలియడం, ఆ ధర ఉన్న చోటికి పోగలగడం రెండూ ఉంటేనే ఆ 8 శాతం వచ్చింది. పసుపు దగ్గరికి వచ్చేసరికి ఈ తేడా చాలా ముఖ్యం.

నిజామాబాద్, సాంగ్లీ

2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది పోటీ చేశారు. అందులో 178 మంది రైతులు. పసుపు బోర్డు కావాలనీ, పసుపుకు గిట్టుబాటు ధర ఇవ్వాలనీ వేసిన నామినేషన్లవి. దేశమంతా దాన్ని వింతగా చూసింది. ఆ రోజుల్లో మా వైపు ప్రతి ఇంట్లో వినిపించే మాట ఒకటే: "సాంగ్లీల ఎక్కువ పలుకుతుంది."

మహారాష్ట్రలోని సాంగ్లీ మాకు ఐదు వందల కిలోమీటర్ల పైమాటే. అయినా ఆర్మూరు, బాల్కొండ, మెట్‌పల్లి వైపు నుంచి పసుపు లారీలు ఏళ్లుగా అటు వెళ్తున్నాయి. నలుగురైదుగురు రైతులు కలిసి లారీ మాట్లాడుకుని, కిరాయి పంచుకుని, ఆ ఊళ్లో పడుకుని అమ్ముకుని వస్తారు. అంత దూరం పోయి, అంత ఖర్చు పెట్టి, ఇంకా ఏదో మిగులుతుందనే కదా పోయేది. కూర్నో కొలత ప్రకారం ఈ రెండు ఊళ్లూ పూర్తిగా ఒక మార్కెట్ అయితే ఆ లారీలు కొన్నాళ్లకు ఆగిపోవాలి. వెళ్లే సరుకు సాంగ్లీ ధరను కొంత దించాలి, ఇక్కడి ధరను కొంత పెంచాలి, తేడా కిరాయికి సమానం కావాలి. అలా జరగలేదు.

వ్యాపారులకు దీనికో జవాబుంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. "రెండూ ఒకటే సరుకు కాదు" అంటారు. పసుపు విలువ కర్కుమిన్ (పసుపుకు రంగునిచ్చే పదార్థం) శాతం మీద ఉంటుంది. మేఘాలయలోని లకడాంగ్ పసుపులో అది 7 శాతం చుట్టూ ఉంటుంది. మన పసుపులో తక్కువ. పైగా మన దగ్గర సరిగ్గా ఆరనిది, పాలిష్ సరిగ్గా పట్టనిది, పొడవాటి కొమ్మూ గుండ్రటి గోళా కలిసిపోయింది కూడా మార్కెట్ యార్డుకు వస్తుంది. కూర్నో చెప్పింది "ఒకే సరుకు"కు ఒకే ధర అని. సరుకే వేరైతే ధర వేరుగా ఉండటంలో తప్పేముంది?

ఇది మంచి వాదన. కానీ సాంగ్లీలో అమ్ముడుపోతున్నది మన ఊరి పసుపే. అందులో కర్కుమిన్ తక్కువైతే అక్కడ కూడా తక్కువకే పోవాలి. లారీ ఎక్కితే కర్కుమిన్ పెరగదు కదా. ఇలా అన్నప్పుడు మా కాలేజీలో పనిచేసే ఒక మిత్రుడు నన్ను ఆపాడు. "సాంగ్లీ పోయేది ఎవరు? బాగా ఆరబెట్టి, పాలిష్ పట్టించి, కొమ్ము వేరుచేసిన రైతులు. వాళ్ల సరుకు ఇక్కడైనా కొంచెం ఎక్కువే పలుకుతుంది. నువ్వు వాళ్ల మంచి సరుకును ఇక్కడి సగటుతో పోలుస్తున్నావ్." అతని మాటలో నిజముంది. తేడాలో కొంత భాగం అలా వచ్చిందే అయ్యుంటుంది. అయితే దాని మీద ఇంకో ప్రశ్న వేయాలి: బాగా ఆరబెట్టి, వేరుచేసి, లారీ మాట్లాడుకుని వెళ్లగలిగే రైతులు ఎవరు? మా ఊళ్లో ఆ జవాబు అందరికీ తెలుసు.

దుకాణం మారలేని రైతు

మా చిన్నాయన నాకు తెలిసిన మంచి పసుపు రైతుల్లో ఒకడు. తొమ్మిది నెలల పంట, ఆ తర్వాత తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, పాలిష్ అన్నీ దగ్గరుండి చేయిస్తాడు. ఒకసారి ఆయనతో అడ్తి దుకాణానికి, అంటే రైతు సరుకును కమీషన్ మీద అమ్మించే దుకాణానికి వెళ్లాను. సాంగ్లీ ధర, తమిళనాడులోని ఈరోడ్ ధర అన్నీ ఆయన ఫోన్లో వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నాయి. ఆ రోజు వేలం పాట తక్కువకు పోయింది. "ఇంకో దుకాణంల దించుదాం కాకా, లేకుంటే వాపస్ తీస్కపోదాం" అన్నాను. ఆయన నా వైపు చూసి నెమ్మదిగా అన్నాడు: "అడ్తి మీద పైసలు తెచ్చుకున్నంక సరుకు ఇంకో దుకాణంల ఎట్ల దించుతవ్‌రా? వచ్చే వానకాలం విత్తనానికి మళ్ల ఆయన దగ్గరికే పోవాలె."

తూకం వేసే దడువాయి కాంటా పెట్టాడు. తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) రాశారు. అందులో హమాలీ పోను, తీసుకున్న అప్పు పోను, వడ్డీ పోను మిగిలింది చిన్నాయన చేతికొచ్చింది. అక్కడ మోసమంటూ ఏమీ జరగలేదు. బ్యాంకు ఇవ్వనప్పుడు ఆ అడ్తిదారే అప్పు ఇచ్చాడు. మా చిన్నమ్మ ఆపరేషన్‌కు కూడా రాత్రికి రాత్రి డబ్బు సర్దింది ఆయనే. ఆ మనిషిని దళారి అని తిట్టడం నాకు చేతకాదు.

అయినా ఆ బేరాన్ని అర్థశాస్త్రం చెప్పే అర్థంలో మార్కెట్ అనలేను. ధర తెలుసు, సరుకుంది, నాలుగు దుకాణాలున్నాయి, కొనేవాళ్లున్నారు. లేనిదొకటే, "ఈ ధరకు ఇవ్వను" అనగలగడం. చిన్నాయన అమ్ముతున్నది పసుపు ఒక్కటే కాదు. అదే తక్‌పట్టీలో అప్పు తీర్చడం, మళ్లీ అప్పు దొరికేలా చూసుకోవడం కూడా ఉన్నాయి. మూడు లావాదేవీలను ఒకే ధరలోకి ముడేసి, దాన్ని "పసుపు ధర" అంటున్నాం. ఆ తర్వాత టీవీలో కూర్చుని, దాన్ని మార్కెట్ నిర్ణయించిందని చెప్తున్నాం.

మా పక్కింట్లో పెద్ద కొడుకు దుబాయిలో ఉంటాడు, నెలనెలా డబ్బు పంపుతాడు. అదే ఏడు వాళ్లు పసుపును కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. తర్వాతి ఏడు ధర లేచాక, సాంగ్లీకి చెందిన ఖరీదుదారుకు అమ్మారు. వాళ్లదీ మాదీ పక్కపక్క చేలు. విత్తనం కూడా మా ఇంటి నుంచే తీసుకెళ్లారు. సరుకు ఒకటే, ఊరు ఒకటే, ధర వేరు. కూర్నో కొలత సాంగ్లీ దాకా పోకుండా రెండు ఇళ్ల మధ్య ప్రహరీ దగ్గరే విఫలమైంది. గల్ఫ్ డబ్బు ఆ ఇంటికి ఇచ్చింది ఎదురుచూసే వీలు. అమ్మేవాడికి అదే బలం.

యార్డు ఎందుకు పుట్టింది

ఇదంతా విని "అందుకే ప్రభుత్వం తప్పుకోవాలి, స్వేచ్ఛగా వదిలేయాలి" అనేవాళ్లు ఉన్నారు. 2020 సెప్టెంబరులో వచ్చిన చట్టాలు యార్డు బయట, సెస్సు లేకుండా వ్యాపారం చేసుకోవచ్చన్నాయి. ఏడాదికి పైగా సాగిన రైతుల ఆందోళన తర్వాత 2021 నవంబరులో పార్లమెంటు వాటిని రద్దు చేసింది. ఆ గొడవ ఎక్కువగా యార్డు లోపలా బయటా అన్నదాని మీదే నడిచింది. బిహార్ 2006లోనే మార్కెట్ కమిటీల చట్టాన్ని ఎత్తేసింది. అక్కడి రైతు దానివల్ల ధర విషయంలో మనకన్నా స్వేచ్ఛపరుడయ్యాడని చూపించే గట్టి ఆధారం నాకు కనపడలేదు.

అసలు యార్డు ఎందుకు పెట్టారో గుర్తు చేసుకోవాలి. 1897లో బేరార్ పత్తి, ధాన్యం మార్కెట్ల చట్టం, 1930లో నిజాం రాజ్యంలో వ్యవసాయ మార్కెట్ల చట్టం, 1933లో మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం, చివరికి 1966లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చాయి. వీటి వెనక ఫిర్యాదులు ఇంచుమించు ఒకటే. తప్పుడు తూకాలు, ఇష్టమొచ్చిన కడ్తాలు (తూకంలో కోతలు), తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని రైతుకు కనపడకుండా చేసే బేరాలు, నెలల తరబడి చేతికి రాని డబ్బు. బహిరంగ వేలం, సర్కారు కాంటా, రాసిచ్చే పట్టీ ఉంటేనే పది మంది కొనేవాళ్లు పోటీ పడతారని వాటిని పెట్టారు. స్టాక్ ఎక్స్ఛేంజీలను పరిపూర్ణమైన పోటీకి ఉదాహరణగా చూపిస్తారు గానీ, లావాదేవీలను అన్నిటికన్నా కట్టుదిట్టంగా నియంత్రించేది అవేనని ఆర్థికవేత్త రోనాల్డ్ కోస్ గుర్తు చేశాడు. కాబట్టి నియమాలు తీసేస్తే మార్కెట్ మిగులుతుందనుకోవడం చరిత్రకు విరుద్ధం. నియమాల వల్లే అది తయారైంది.

అలాగని యార్డు ఉంటే మార్కెట్ ఉన్నట్టే అనుకోవడం కూడా అంతే తప్పు. 2016 ఏప్రిల్‌లో యార్డులను కలిపే ఆన్‌లైన్ వేలం ఈ-నామ్ మొదలైనప్పుడు తొలి విడతలో నిజామాబాద్ ఉంది. లాట్లకు నంబర్లు వచ్చాయి, ధరలు కంప్యూటర్లో పడుతున్నాయి, ఎవరి బిడ్డు ఎంతో పక్కవాడికి కనపడదు. తువ్వాలుతో పోలిస్తే చాలా మెరుగు. దాన్ని తెచ్చినవాళ్లను మెచ్చుకోవాలి. కానీ పసుపు చేత్తో విరిచి, లోపలి రంగు చూస్తే గానీ నమ్మి కొనరు. అందుకని బిడ్డు వేసేది ఎక్కువగా ఆ యార్డులో తిరిగే ఖరీదుదారులే. దేశమంతా ఒకే మార్కెట్ కావాలంటే, సరుకు చూడకుండానే ఈరోడ్ వ్యాపారి నమ్మగలిగే పరీక్షా పత్రం కావాలి.

పొగాకు నుంచి ఇక్కడ నేర్చుకోవాల్సింది ఉంది. 1976 నుంచి గుంటూరు కేంద్రంగా పనిచేస్తున్న పొగాకు బోర్డు, ఎనభైల మధ్య నుంచి వర్జీనియా పొగాకును వేలం కేంద్రాల్లో అమ్మిస్తోంది. గ్రేడు రాసి ఉంటుంది. ధర నచ్చకపోతే రైతు బేలు వెనక్కి తీసుకుపోవచ్చు. అక్కడ కూడా నోబిడ్లు (ఎవరూ కొననన్న బేళ్లు) ఉన్నాయి, ఆందోళనలున్నాయి, ఆత్మహత్యలు కూడా జరిగాయి. అది స్వర్గమని చెప్పను. కానీ బోర్డు వేలంలోకి రాని బర్లీ రకం 2025లో ఏమైందో చూడండి. కంపెనీలు కొనడం తగ్గించేసరికి రైతులకు ఇంకో తలుపు లేకపోయింది. చివరికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సహకార సంస్థ మార్క్‌ఫెడ్ ద్వారా కొనాల్సి వచ్చింది. కొనేవాడు ఒక్కడే ఉండే స్థితికి ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ 1933లోనే మోనోప్సనీ అనే పేరు వాడుకలోకి తెచ్చింది, ఇది దానికి దగ్గరి స్థితే.

ధర పెరిగితే సరిపోతుందా

నా వాదనకు గట్టి ఎదురుదెబ్బ 2024 మార్చిలో తగిలింది. నిజామాబాద్‌లో మేలు రకం పసుపు క్వింటా 15 వేలు దాటింది. 2019లో రైతులు నామినేషన్లు వేసి అడిగిన ధర అదే. అప్పటికి బోర్డు ప్రకటన తప్ప ఏమీ లేదు. "చూశావా, మార్కెట్టే ఇచ్చింది" అని ఆ కాలేజీ మిత్రుడే అన్నాడు.

ఈ మాట నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. ధర ఎంత ఉందన్నది ఒక ప్రశ్న, మార్కెట్ ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న అని ఇప్పుడు అనుకుంటున్నాను. ఏళ్ల తరబడి గిట్టక రైతులు పసుపు మానేశారు, విస్తీర్ణం తగ్గింది, సరుకు కొరత పడింది, ధర లేచింది. గిరాకీ, సరఫరా పనిచేశాయి, కాదనను. కానీ ఆ 15 వేలు ఎవరికి అందాయి? నిల్వ పెట్టుకున్నవాళ్లకు, అప్పు లేనివాళ్లకు, ఆ ఏడు పసుపు మానకుండా నిలబడగలిగినవాళ్లకు. మా ఊళ్లో చాలామంది అప్పటికే మక్కకో, వరికో మారిపోయారు.

టమాటా కూడా ఇదే చెప్తుంది. 2023 జూలై చివర్లో మదనపల్లెలో కిలో 200 దగ్గరికి వెళ్లింది. సెప్టెంబరుకల్లా రాయలసీమలో రైతులు మళ్లీ రోడ్డు పక్కన పారబోశారు. రెండు ధరలనూ నిర్ణయించింది మార్కెట్టే అంటే, ఆ మాట ఏమీ వివరించనట్టే. టమాటాను వాపస్ తీసుకుపోవడానికి లేదు, సాయంత్రానికి కుళ్లిపోతుంది. పసుపును తీసుకుపోవచ్చు. రెండూ ఒకే యార్డు చట్టం కింద ఉన్నాయి. కాబట్టి ఒకే మందు రెండింటికీ పనిచేయదు. టమాటాకు ప్రాసెసింగ్ కావాలి, పసుపుకు ఎదురుచూడటానికి డబ్బు కావాలి.

ఆ డబ్బుకు దారి లేకపోలేదు. మార్కెట్ కమిటీల గోదాముల్లో సరుకు పెట్టి, దాని విలువలో 75 శాతం దాకా అప్పు తీసుకునే పథకం మన దగ్గర పాతదే. దాని పేరు కూడా రైతుబంధే. 2018లో వచ్చిన ఎకరాకింత పథకం పేరు ఊరంతా మోగాక, ఈ పాత రైతుబంధు ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. మా ఊళ్లో అడిగితే "అది పైసలు అకౌంట్ల పడేది కదా" అన్నారు. పైగా అడ్తి అప్పు విత్తనం నాటికే తీసుకుని ఉంటారు కాబట్టి, పంట చేతికొచ్చాక ఇచ్చే గోదాము అప్పు అడ్తి అప్పు తీర్చేంతగా ఉంటేనే రైతుకు దుకాణం మారే వీలు కలుగుతుంది.

2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ఎగుమతులు, పరిశోధన, కొత్త రకాలు అంటున్నారు. అవన్నీ కావాల్సినవే. నేను దాన్నుంచి ముందుగా అడిగేది రెండు చిన్న పనులు. వేలానికి ముందే లాటు కర్కుమిన్, తేమ పరీక్షించి రైతు చేతికి చీటీ ఇవ్వడం. అదే గ్రేడుకు ఆ రోజు సాంగ్లీలో, ఈరోడ్‌లో, ఇక్కడ పడిన ధరలు పక్కపక్కన పెట్టడం. అప్పుడు "సరుకు వేరు" అనే వాదన ఎంతవరకు నిజమో లెక్క తేలుతుంది. తేడా అంతా నాణ్యతలోనే ఉంటే మేం విత్తనం మార్చుకుంటాం, ఆరబెట్టే పద్ధతి మార్చుకుంటాం. లేదని తేలితే, అది అప్పులో ఉందా, కొనేవాళ్లు తక్కువ కావడంలో ఉందా అని పేరు పెట్టి అడగొచ్చు. అందరూ సరుకు ఆపుకుంటే తర్వాత ఒకేసారి వచ్చి ధర పడదా అని చిన్నాయనే నన్ను అడిగాడు. పడొచ్చు. అప్పుడు పడిన ధరను మాత్రం మార్కెట్ ధర అనడానికి నాకు అభ్యంతరం ఉండదు.